డియోర్ 12 స్పీడ్: జట్టంతటికీ ఒకే గేర్ల సెట్టు అయితే

అమెచ్యూర్ మౌంటెన్ బైక్ రేసులో వెనకబడటానికి సవాలక్ష కారణాలుంటాయి. సైకిల్ తోసుకుంటూ ఫినిష్ దాకా నడిచి రావడానికి మాత్రం చాలాసార్లు రెండే: టైరు చిరగడం, వెనక డిరైలర్ (చైన్‌ని ఒక పళ్ళచక్రం నుంచి ఇంకోదానికి మార్చే భాగం) విరగడం. టైర్ల గురించి విడిగా రాయాల్సినంత ఉంది కాబట్టి ఇక్కడ రెండోదే మాట్లాడుకుందాం. వస్తువు షిమనో కంపెనీ గేర్ల సెట్టు డియోర్ ఎం6100. ముందు ఒకటే పళ్ళచక్రం, వెనక పన్నెండు. 2020లో వచ్చింది.

ఒక్కడి సైకిల్ మీద చూస్తే డియోర్ "బాగానే ఉంది, కాస్త బరువు" అనిపించే సరుకు. నలుగురు స్నేహితులు ఒకే బండిలో సైకిళ్ళు వేసుకుని రేసులకు వెళ్ళే జట్టుకైతే మా లెక్కలో ఈ ధరలో ఇంతకు మించింది లేదు. కారణం పనితనం ఒక్కటే కాదు. షిమనో కేబుల్ 12 స్పీడ్ గేర్లలో డియోర్ ఎం6100, ఎస్ఎల్ఎక్స్ ఎం7100, ఎక్స్‌టీ ఎం8100, ఎక్స్‌టీఆర్ ఎం9100 ఒకదాని భాగాలు ఒకదానికి సరిపోతాయి. జట్టులో ఒకడి దగ్గర ఎక్స్‌టీ ఉండి మిగతా ముగ్గురివీ డియోర్ అయినా, సంచిలో ఉన్న ఒక్క స్పేర్ డియోర్ డిరైలర్ నలుగురిలో ఎవరినైనా గట్టెక్కిస్తుంది. చైన్ ముక్క, క్విక్ లింక్ (చైన్ కొసలు కలిపే లింకు), లోపలి కేబుల్ కూడా అంతే.

ఇద్దరేసి తొక్కే రేసుల్లో దీని విలువ ఇంకా బాగా తెలుస్తుంది. దక్షిణాఫ్రికాలో 2004 నుంచి జరుగుతున్న కేప్ ఎపిక్‌లో జట్టులోని ఇద్దరూ ఒకరికొకరు రెండు నిమిషాల దూరంలోపే ఉండాలి. ఒకరి చైన్ తెగితే ఇద్దరూ ఆగినట్టే. మన వారాంతపు రేసులు అంత పెద్దవి కాకపోయినా ఇద్దరి జట్టు అన్నచోటల్లా ఇదే లెక్క. అయితే దారిలో ఎవరు ఎవరికి సాయం చేయొచ్చు, ఏ జోన్‌లో చేయొచ్చు అనేది రేసు రేసుకీ మారుతుంది. స్టార్ట్‌కి ముందు మీటింగులో అడిగి తేల్చుకోకపోతే స్నేహితుడు ఇచ్చిన లింకే మీ ఫలితాన్ని రద్దు చేయొచ్చు.

గేర్ల లెక్క

వెనక పన్నెండు చక్రాల గుత్తి, అంటే క్యాసెట్, పళ్ళు ఇవీ: 10, 12, 14, 16, 18, 21, 24, 28, 33, 39, 45, 51. ముందు, పెడళ్ళు బిగించే క్రాంక్‌కి 30 లేదా 32 పళ్ళ చక్రం వస్తుంది. 29 అంగుళాల చక్రానికి 2.25 టైరు వేస్తే చుట్టుకొలత దాదాపు 2.3 మీటర్లు. 32-51 గేరులో (ముందు 32, వెనక 51) పెడల్ ఒక చుట్టుకు సైకిల్ సుమారు 1.44 మీటర్లు కదులుతుంది. అంటే నిమిషానికి 60 చుట్ల చొప్పున తొక్కితే గంటకు 5 కిలోమీటర్ల పైచిలుకు. నడక వేగమే, కానీ దిగకుండా నడక వేగం. 30 పళ్ళదైతే అదే చుట్లకు 4.9 కిలోమీటర్లు. పై చివర 32-10లో నిమిషానికి 90 చుట్లు తొక్కితే 40 దగ్గరికి వస్తారు, 30-10లో 37.

కొత్తవాళ్ళు 32 తీసుకుని, ఎక్కుడు దారిలో మోకాళ్ళు పట్టేశాక 30 కోసం వెతుకుతుంటారు. మొదటి రెండు మూడు సీజన్లకు 30 మేలు. మట్టిదారి రేసులో 37 దాటి పెడల్ తొక్కే అవకాశం స్టార్ట్ సందడిలోనో, దిగుడు తారురోడ్డు మీదనో తప్ప పెద్దగా రాదు. ఎక్కుడు ప్రతి ల్యాప్‌లోనూ వస్తుంది.

అసలు బలం గేరు మారే తీరులో ఉంది. షిమనో హైపర్‌గ్లైడ్ ప్లస్ అని పిలిచే పళ్ళ అమరిక వల్ల పెడల్ మీద బలం ఉండగానే చైన్ పెద్ద చక్రం నుంచి చిన్నదానికీ, చిన్నదాని నుంచి పెద్దదానికీ మారుతుంది. హైదరాబాద్ చుట్టుపక్కల ట్రైళ్ళలో ఇది రోజూ పనికొచ్చే గుణం. మలుపు తిరగ్గానే నాలుగు మీటర్ల రాతిపలక నిటారుగా ఎదురవుతుంది, పెడల్ వదిలి గేరు మార్చే వ్యవధి ఉండదు. పాత 10 స్పీడ్ సెట్లలో అలా మారిస్తే టకటకమని చప్పుడొచ్చి చైన్ జారేది. దీంట్లో చప్పుడు తక్కువ, తెగే ప్రమాదమూ తక్కువ. అలాగని నిటారు ఎక్కుడులో నిలబడి తొక్కుతూ ఒకే ఊపులో మూడు గేర్లు మార్చేస్తే ఏ చైనైనా ఎంతకాలం ఆగుతుంది?

కొనేముందు ఫ్రీహబ్ చూడండి

ఈ సెట్టుతో ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. 10 పళ్ళ చక్రం పాత తరహా హెచ్‌జీ ఫ్రీహబ్ (వెనక చక్రం నడిమి హబ్‌లో క్యాసెట్ ఎక్కే భాగం) మీద కూర్చోదు. మైక్రో స్ప్లైన్ ఫ్రీహబ్ కావాలి. మన దగ్గర అమ్ముడయ్యే మధ్యస్థ ధర హార్డ్‌టెయిల్స్‌లో (వెనక షాక్ లేని సైకిళ్ళు) చాలావాటికి హెచ్‌జీయే ఉంటుంది. హబ్ తయారుచేసినవాళ్ళు మైక్రో స్ప్లైన్ బాడీ విడిగా అమ్మితే అది మార్చుకుంటే సరి. అమ్మకపోతే హబ్ మార్చి ఊచలు మళ్ళీ అల్లించాలి, లేదా వెనక చక్రమే కొత్తది కొనాలి. గేర్ల సెట్టు ఆన్‌లైన్లో తగ్గింపు ధరకు వచ్చిందని సంబరపడి, చివరికి చక్రానికి అంతకంత పెట్టినవాళ్ళు తక్కువేం కాదు. ముందు హబ్ మోడల్ పేరు రాసుకుని, దానికి బాడీ దొరుకుతుందని తేలాకే ఆర్డర్ పెట్టండి. అమెరికా నుంచి వచ్చే బంధువుల సూట్‌కేసులో తెప్పించుకోవడం మనవాళ్ళకు అలవాటే, డిరైలర్ లాంటి చిన్న సరుక్కి అది నడుస్తుంది. వారంటీ మాత్రం కొన్న దుకాణాన్నే అడగాల్సి వస్తుందని గుర్తుపెట్టుకోండి.

రెండో చూపు హ్యాంగర్ మీద. డిరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే ఈ చిన్న అల్యూమినియం ముక్క ప్రతి ఫ్రేముకీ ఒక్కో ఆకారంలో ఉంటుంది. 2019లో షిమనో పోటీ కంపెనీ స్రామ్ తెచ్చిన యూడీహెచ్ అనే ఉమ్మడి హ్యాంగర్‌ని ఇప్పుడు చాలా కంపెనీలు తమ ఫ్రేములకు వాడుతున్నాయి. డియోర్ డిరైలర్ దానికి మామూలుగానే బిగుస్తుంది. జట్టులో ఎవరైనా కొత్త ఫ్రేము కొనబోతుంటే యూడీహెచ్ ఉన్నదే చూడమనండి. నలుగురికీ అదే ఉంటే స్పేర్ హ్యాంగర్ ఒక్కటి చాలు. దాని బోల్టు ఎడమ మర, తిప్పాల్సింది 8 మి.మీ. అలెన్‌తో, బిగువు 25 న్యూటన్ మీటర్లు. మామూలు బోల్టనుకుని విప్పబోయి ఇంకా బిగించేయడం తరచూ జరిగేదే.

బిగింపు

హ్యాంగర్ తిన్నగా లేకపోతే మిగతా సర్దుబాటంతా వృథా. కొత్త ఫ్రేములోనూ వంకర ఉండొచ్చు. దుకాణంలో హ్యాంగర్ గేజ్‌తో రిమ్ దగ్గర నాలుగు చోట్ల కొలిపించండి. తేడా 2, 3 మి.మీ. దాటితే సరిచేయించండి. 9 స్పీడ్‌లో సాగిన అలసత్వం 12లో సాగదు, పళ్ళచక్రాల మధ్య ఎడం అంత తక్కువ.

డిరైలర్ బోల్టు 8 నుంచి 10 న్యూటన్ మీటర్లు, కేబుల్ పట్టు బోల్టు 6 నుంచి 7. క్రాంక్ ఎడమ చేతికి ఉన్న రెండు బోల్టులు 12 నుంచి 14, అదీ ఒకటి పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్ళడం కాకుండా మార్చి మార్చి. దాని ప్లాస్టిక్ మూత వేళ్ళతో బిగిసేంతే చాలు. గట్టిగా తిప్పితే బాటమ్ బ్రాకెట్ (క్రాంక్ ఇరుసు తిరిగే చోటు) బేరింగులు త్వరగా పోతాయి.

చైన్ పొడవుకి, డిరైలర్‌లోంచి పోనివ్వకుండా ముందు పళ్ళచక్రం, వెనక 51 మీదుగా చుట్టి, కలిసే చోటు నుంచి అయిదారు లింకులు అదనంగా ఉంచుతారు. ఇది హార్డ్‌టెయిల్‌కి. ఫుల్ సస్పెన్షన్ అయితే వెనక షాక్ నొక్కుకునేటప్పుడు ముందు పళ్ళచక్రానికీ వెనక క్యాసెట్‌కీ మధ్య దూరం పెరుగుతుంది కాబట్టి, ఎక్కువ దూరం వచ్చే స్థితిలో కొలవాలి. పొట్టి చైన్‌తో 51లోకి వెళ్తే డిరైలర్ కేజ్ (రెండు చిన్న పుల్లీలను పట్టి ఉంచే చట్రం) సాగిపోయి హ్యాంగర్ విరుగుతుంది. పొడవు రెండు లింకులు ఎక్కువైతే 10లో చైన్ కాస్త వేలాడుతుంది, అంతే. సందేహం ఉంటే పొడవు వైపే మొగ్గండి.

పుల్లీకీ క్యాసెట్‌కీ మధ్య ఎడం నిర్ణయించే బీ స్క్రూ సర్దడానికి కంటికి కొలత కంపెనీయే ఇచ్చింది. కేజ్ లోపలి పలక మీద ఒక గీత ఉంటుంది. చైన్ 51 మీద ఉన్నప్పుడు వెనక నుంచి చూస్తే ఆ గీత 51 పళ్ళ కొసకు సరిగ్గా రావాలి. పుల్లీ మరీ దగ్గరైతే 51కి ఒరుసుకుని గరగరమంటుంది, మరీ దూరమైతే గేరు ఆలస్యంగా పడుతుంది. ఫుల్ సస్పెన్షన్‌లో ఇది మనిషి కూర్చుని ఉండగా చూడాలి, అంటే ఇద్దరు కావాలి.

తర్వాత వరస ఇది: చైన్ 10 మీద ఉంచి, కేబుల్ వదులుగా ఉండగా హెచ్ స్క్రూ (చిన్న చక్రం వైపు హద్దు) సర్ది, కేబుల్ చేత్తో లాగి బిగించడం. 51కి తెచ్చి ఎల్ స్క్రూ (పెద్ద చక్రం వైపు హద్దు). ఆ పైన షిఫ్టర్ (హ్యాండిల్ మీది గేరు మీట) దగ్గరున్న, కేబుల్ బిగువు సర్దే బ్యారెల్‌ని పావు చుట్టు చొప్పున తిప్పుతూ మధ్య గేర్లలో చప్పుడు పోగొట్టడం. పెద్ద చక్రంలోకి ఎక్కడానికి మొరాయిస్తే బ్యారెల్ బయటికి, చిన్నదాంట్లోకి దిగడానికి మొరాయిస్తే లోపలికి. స్టాండు మీద బాగా పడి, దారిలో పడకపోతే తప్పు బ్యారెల్‌ది కాదు. కేబుల్ కవర్‌లో దుమ్ము చేరింది, లేదా హ్యాంగర్ వంగింది.

మన నేల దీన్ని ఏం చేస్తుంది

ఎండాకాలం ఎర్ర దుమ్ము పొడిలా లేచి నూనె ఉన్న ప్రతిచోటా అంటుకుంటుంది. చైన్‌కి జిగురు నూనె దట్టంగా పోస్తే అది దుమ్ముతో కలిసి అరగదీసే పేస్టవుతుంది. చైన్ శుభ్రంగా తుడిచి, ప్రతి రోలర్ మీద ఒక చుక్క మైనం తరహా లూబ్ వేసి, రాత్రంతా ఆరనిచ్చి, పైపైన ఉన్నదంతా పొద్దున గుడ్డతో తీసేయాలి. రేసు రోజు ఉదయం స్టార్ట్ లైన్ దగ్గర నూనె పోసేవాళ్ళను చూస్తే ఆ చైన్ మీద జాలేస్తుంది.

వానాకాలంలో నల్లరేగడి వేరే రకం శత్రువు. చక్రానికీ ఫ్రేముకీ మధ్య ముద్దగా చేరి, పుల్లీలను మూసేసి, చైన్‌ని ఎటో లాక్కుపోతుంది. ఆ ముద్దతోనే బలంగా తొక్కితే డిరైలర్ వెనక్కి మెలితిరిగి ఊచల్లోకి వెళ్తుంది. దిగి, పుల్లతో మట్టి గీకి, నాలుగడుగులు తోసుకెళ్ళడమే వేగవంతమైన పద్ధతి. రేసు తర్వాత ప్రెషర్ వాషర్‌ని హబ్‌కీ, బాటమ్ బ్రాకెట్‌కీ సూటిగా పెట్టొద్దు. బేరింగుల్లోకి నీరు పోతుంది.

అన్నిటికన్నా ఎక్కువ డిరైలర్లను మింగేది మాత్రం ఎండుపుల్ల. సర్కారు తుమ్మ కొమ్మ ఒకటి చక్రంలో చిక్కుకుని తిరిగి కేజ్‌లోకి దూరుతుంది. వెనక ఏదైనా కొత్త చప్పుడు వినగానే పెడల్ ఆపాలి, ఆ తర్వాతే బ్రేకు. ఒక్క అర చుట్టు ఎక్కువ తొక్కితే హ్యాంగరో, కేజో, రెండూనో పోతాయి. ఇది మాత్రం జట్టులో ప్రతివాడికీ ముందే చెప్పి ఉంచాలి, రేసు వేడిలో ఎవరికీ తట్టదు.

డిరైలర్‌లో చైన్ ఊగకుండా పట్టి ఉంచే క్లచ్ ఉంటుంది. చిన్న లివర్‌తో దాన్ని ఆన్, ఆఫ్ చేస్తారు. చక్రం విప్పేటప్పుడు ఆఫ్ చేసి, మళ్ళీ ఆన్ చేయడం మరిచిపోతుంటారు. అలా వెళ్తే మొదటి రాళ్ళ దిగుడులోనే చైన్ ఫ్రేముకి కొట్టుకుని, ఆనక ముందు పళ్ళచక్రం నుంచి ఊడుతుంది. స్టార్ట్‌కి ముందు ఒకరి క్లచ్ ఒకరు చూడటం అలవాటు చేసుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

దారి మధ్యలో పోతే

హ్యాంగర్ లోపలికి వంగితే మొదటి గుర్తు ఇలా ఉంటుంది: చిన్న గేర్లు బాగానే పడతాయి, పెద్ద గేర్లలో మాత్రం ఒకటి దాటి ఇంకోటి పడుతుంది. ఆ స్థితిలో 51 వాడితే కేజ్ ఊచల్లోకి పోయి చక్రం కూడా పాడవుతుంది. చేత్తో కాస్త వెనక్కి లాగి, ఎల్ స్క్రూని కుడివైపు తిప్పి పెద్ద రెండు చక్రాలకు వెళ్ళకుండా అడ్డుకట్ట వేయండి. మిగిలిన పదింటితో రేసు పూర్తవుతుంది.

చైన్ తెగితే చెడిపోయిన లింకు తీసి క్విక్ లింక్ పెట్టాలి. 12 స్పీడ్ లింకే పెట్టాలి, 11 స్పీడ్‌ది సరిపోదు. ఈ లింకులను ఒకసారే వాడమని షిమనో అంటుంది. పొడవు తగ్గింది కాబట్టి ఆ తర్వాత 51 జోలికి వెళ్ళకుండా ఉండటం క్షేమం.

డిరైలరే విరిగిపోయి, స్పేర్ దగ్గర లేకపోతే హార్డ్‌టెయిల్‌ని సింగిల్ స్పీడ్ చేయొచ్చు. చైన్ కత్తిరించి మధ్యలోని 21 లేదా 24 మీదుగా తిన్నగా కలపాలి. ఇక్కడ ఒక చిక్కుంది. సాఫీగా ఎక్కడానికే చెక్కిన పళ్ళు కాబట్టి, చైన్ తనంతట తానే పక్క పెద్ద చక్రం మీదికి ఎగబాకి తీగలా బిగుసుకుంటుంది. అప్పుడు బలంగా తొక్కితే తెగుతుంది. మెల్లగా, కూర్చుని తొక్కుతూ ఇంటిదారి పట్టడానికే ఈ ఉపాయం. ఫుల్ సస్పెన్షన్‌లో షాక్ కదిలినప్పుడల్లా చైన్ బిగువు మారుతుంది కనుక అక్కడ ఇది దాదాపు పనికిరాదు.

నలుగురి జట్టుకి సంచిలో ఉండాల్సినవి: డియోర్ డిరైలర్ ఒకటి, ఒక్కో ఫ్రేము రకానికి హ్యాంగర్ ఒకటి, మనిషికి రెండు క్విక్ లింకులు, పది లింకుల చైన్ ముక్క, లోపలి కేబుల్ రెండు, 12 స్పీడ్‌కి పనికొచ్చే చైన్ టూల్. క్విక్ లింకులు ఎవరి జేబులో వాళ్ళే పెట్టుకోవాలి, అవి సర్వీస్ టెంట్‌లో ఉంటే ఉపయోగం లేదు. వెనక చక్రం కూడా మార్చుకోవచ్చని కొందరు లెక్కేసుకుంటారు. క్యాసెట్ ఒకటే అయినా యాక్సిల్ వెడల్పు, డిస్క్ పరిమాణం కలిస్తేనే అది కుదురుతుంది. పాత 135 మి.మీ. క్విక్ రిలీజ్ చక్రం 148 మి.మీ. బూస్ట్ ఫ్రేముకి ఎక్కదు.

చైన్ అరుగుదల గేజ్ 0.5 శాతం చూపగానే చైన్ మార్చేయాలి. అంతకు మించి నడిపితే క్యాసెట్ పళ్ళు కూడా ఆ అరిగిన చైన్‌కి తగ్గట్టు అరిగిపోతాయి. అప్పుడు కొత్త చైన్ వేస్తే ఎక్కుడులో జారుతుంది. జట్టులో ఒకే గేజ్ ఉంచుకుని ప్రతి రేసుకి ముందు వారం అందరి చైన్లూ కొలవడం చవకైన బీమా.

నచ్చనివి

బరువు. డియోర్ క్యాసెట్ దాదాపు 590 గ్రాములు, ఎక్స్‌టీది 470. పెద్ద చక్రాలు కూడా స్టీలువి కావడం వల్ల ఈ తేడా. కానీ ఎక్కుడులో ఎక్కువసేపు 45, 51ల మీదే ఉండేవాళ్ళకు ఆ స్టీలే లాభం, అల్యూమినియం చక్రం త్వరగా అరుగుతుంది. 120 గ్రాముల కోసం డబ్బు పెట్టేముందు టైర్లు, ట్యూబ్‌లెస్ చూసుకోవడం తెలివైన పని.

రెండోది షిఫ్టర్. పెద్ద చక్రాల వైపు బొటనవేలితో ఒకే ఊపులో రెండు మూడు గేర్లు ఎక్కించొచ్చు గానీ, చిన్న చక్రాల వైపు నొక్కుడికి ఒక్క గేరే. ఎక్కుడు కొస దాటి ఒక్కసారిగా దిగుడు మొదలైనప్పుడు టకటకా నొక్కుతూ కూర్చోవాలి. ఎక్స్‌టీ షిఫ్టర్ ఒక నొక్కులో రెండు వదులుతుంది, డియోర్ డిరైలర్‌తో చక్కగా కలుస్తుంది. ఈ సెట్టులో డబ్బు పెట్టి మార్చదగ్గ భాగం అదొక్కటే. డిరైలర్‌ని ఎక్స్‌టీకి మార్చడం మాకు అర్థంకాని సరదా. రాయికి తగిలి విరగడంలో రెండూ ఒకటే, బిల్లు మాత్రం వేరు.

బ్రేకుల గురించి క్లుప్తంగా. రెండు పిస్టన్ల ఎం6100 రేసుకు సరిపోతుంది. బరువైన మనిషికో, అరకు వైపు లాంటి పొడవాటి దిగుళ్ళకో నాలుగు పిస్టన్ల ఎం6120 మేలు. లోపల మినరల్ ఆయిల్ తప్ప డాట్ ఫ్లూయిడ్ పోయకూడదు, సీళ్ళు పాడవుతాయి. చవక రోటర్ మీద రెజిన్ ప్యాడ్లు మాత్రమే అని రాసి ఉంటే మెటల్ ప్యాడ్లు వేయొద్దు.

మైక్రో స్ప్లైన్‌కి దారి లేనివాళ్ళకు డియోర్ ఎం5100 11 స్పీడ్ ఉంది. 11-51 క్యాసెట్, పాత హెచ్‌జీ ఫ్రీహబ్ మీదే కూర్చుంటుంది. 2023లో వచ్చిన క్యూస్ సెట్లూ హెచ్‌జీ మీదే ఎక్కుతాయి, మన్నిక ఎక్కువని షిమనో చెబుతోంది. కానీ వాటి లింక్‌గ్లైడ్ భాగాలు డియోర్ 12 స్పీడ్‌తో కలవవు. జట్టులో ముగ్గురు డియోర్ మీద ఉండి ఒకడు క్యూస్ తెస్తే వాడి స్పేర్లు వాడే మోసుకోవాలి. 2025లో వచ్చిన వైర్‌లెస్ డియోర్ డీఐ2కి కేబుల్ గొడవ లేదు, బదులుగా ఛార్జింగ్ గుర్తుంచుకోవాలి. తుమ్మ కొమ్మకి అది బలైతే పోయే డబ్బు కేబుల్ డిరైలర్‌కి పోయేదానికి ఎన్నో రెట్లు. సీజన్‌కి ఒక డిరైలర్ పోగొట్టుకునే రైడర్ ప్రతి జట్టులోనూ ఒకడుంటాడు, వాడికి మాత్రం కేబుల్‌దే కొనిపించండి.